ఇంగువ డబ్బాలో గోధుమపిండి ఎందుకు?

"తాతయ్యా! ఇంగువలో గోధుమపిండి ఎందుకు కలుపుతారు?"

కిందటి వేసవిలో పెద్దాపురంలోని మా అక్కయ్యగారి ఇంట, మధ్యాహ్న భోజనాలు ముగిసి పెద్దలందరూ నడుము వాల్చిన వేళ, ఆమె కూతురి కొడుకు నన్ను అడిగిన ప్రశ్న ఇది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. ఎండలో బయటకు పంపరు కనుక వంటింటి అలమర ముందు కూర్చుని, ఒక్కొక్క డబ్బానూ తిప్పి, దానిమీది సన్నని అక్షరాలను కూడబలుక్కుని చదవడం ఆ సెలవులలో వాడికి అలవడిన కాలక్షేపం. "పటికబెల్లంలో పటిక ఉంటుందా?", "బొంబాయి రవ్వ బొంబాయి నుంచి వస్తుందా?" అని వాడు వేసే ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు. "పనీపాటా లేని ప్రశ్నలు" అని మా అక్కయ్య ముద్దుగా విసుక్కునేది.

ఈ ప్రశ్నకు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆ పిల్లవాడికి గోధుమ సరిపడదు.

అంతకు ఏడాది ముందు వరకు వాడికి తరచు విరేచనాలు, కడుపుబ్బరం ఉండేవి. వయస్సుకు తగిన ఎదుగుదల లేదు. మొదట అజీర్ణమనుకున్నారు. చివరకు రక్తపరీక్ష చేసి, చిన్నప్రేగు లోపలి పొర నుంచి చిన్న ముక్కను తీసి పరీక్షించి, అది సీలియాక్ వ్యాధి అని వైద్యులు నిర్ధారించారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో అది చిన్నప్రేగు పొర దెబ్బతినడానికి కారణమవుతుంది. ఆ ధాన్యాలను జీవితాంతం పూర్తిగా మానివేయడమే దీనికి చికిత్స. ఇంట్లో వెంటనే చపాతీలు, బ్రెడ్డు, బిస్కట్లు మాన్పించారు. విరేచనాలు తగ్గాయి గాని ఉబ్బరం వదలలేదు. మనుమడు కడుపు పట్టుకున్నప్పుడల్లా మా అక్కయ్య పెద్దలు చెప్పిన చిట్కానే పాటించింది. చిటికెడు ఇంగువ పొడిని పలుచని మజ్జిగలో కలిపి తాగించేది. ఇదిగో, ఆ ఇంగువ డబ్బా మీదనే గోధుమపిండి అని స్పష్టంగా అచ్చువేసి ఉన్నది!

వైద్యునికి చెప్పగా, ఆ ఇంగువను మజ్జిగలోనే కాదు, పోపులోనూ వాడవద్దన్నారు. గోధుమ లేని ఇంగువ తెచ్చుకున్నారు. మరికొన్ని వారాలకు ఉబ్బరం తగ్గుముఖం పట్టింది. పనీపాటా లేని ప్రశ్న అనుకున్నదే ఆ ఇంటికి అసలైన పని చేసిపెట్టింది. ఆ సెలవులలో వాడు అడిగిన ప్రశ్నలన్నింటికీ సమాధానాలు వెదుకుతూ తెలుసుకున్న సంగతులను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంగువ కథ

సంస్కృతంలోని హింగు శబ్దమే మన ఇంగువ. నిఘంటువులలో దీనికి బాహ్లీకం అనే పేరు కూడా ఉన్నది. బాహ్లీక దేశమంటే నేటి ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతం. అంటే ఆ పేరులోనే సరుకు చిరునామా ఉన్నదన్నమాట. ఇంగ్లీషులో దీనిని అసఫీటిడా అంటారు. ఇందులో మొదటి భాగం జిగురు అనే అర్థమున్న పారశీక పదం నుంచి, రెండవ భాగం దుర్గంధం అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చాయి.

ఇంగువ ఫెరులా అనే జాతి మొక్కల నుంచి లభిస్తుంది. ఇవి జీలకర్ర, వాము, ధనియాల కుటుంబానికే చెందినవి. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, మధ్య ఆసియా దేశాల చలి ప్రాంతాలలో పెరుగుతాయి. వేరు మొదలు దగ్గర గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి ఇంగువ అవుతుంది. ఇంతగా ఇంగువ వాడే మన దేశం చిరకాలంగా దానిని విదేశాల నుంచే తెప్పించుకుంటున్నది. హిమాచల ప్రదేశ్‌లోని లాహుల్ లోయలో దీని సాగుకు తొలి మొక్కలను పాలంపూర్‌లోని జాతీయ పరిశోధన సంస్థ 2020 అక్టోబరులో నాటించింది.

ఇక పిల్లవాడి ప్రశ్నకు వద్దాము. అసలు ఇంగువ బంకగా ఉంటుంది, ఘాటు విపరీతం. దానిని పొడి చేయడం, కొలిచి వాడుకోవడం, నిలవ చేయడం కష్టం. అందువలన తుమ్మజాతి చెట్ల జిగురును, బియ్యప్పిండినో గోధుమపిండినో కలిపి పొడిగానో ముద్దగానో తయారు చేస్తారు. దీనికే బంధానీ ఇంగువ అని పేరు. ఇది కల్తీ కాదు. ఆహార చట్టం అనుమతించిన మిశ్రమమే. అయితే ఏ పిండి కలిపారో డబ్బా మీద చెప్పి తీరాలి.

ఇందులో ఆయుర్వేదాభిమానులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. హింగ్వాష్టక చూర్ణంలో శొంఠి, పిప్పలి, మిరియాలు, అజమోదం, సైంధవలవణం, జీలకర్ర, నల్లజీలకర్ర అనే ఏడింటితో పాటు ఎనిమిదవది ఇంగువ. అక్కడ శాస్త్రం చెప్పినది స్వచ్ఛమైన ఇంగువను, అదీ నేతిలో వేయించి శుద్ధి చేసినదానిని. దాని బదులు బజారు పొడిని వేస్తే పిండీ జిగురే ఎక్కువ భాగం పడి చూర్ణం గుణం తగ్గుతుంది.

పెద్దలకు భోజనానంతరం ఉబ్బరంగా ఉంటే కందిగింజంత ఇంగువను నేతిలో వేయించి, వేయించిన జీలకర్ర పొడితో మజ్జిగలో కలుపుకుని తాగడం మంచి చిట్కాయే. ఇంగువ ఉష్ణవీర్యం కనుక పైత్యశరీరులు మితంగా వాడాలి. గర్భిణులు ఔషధంగా తీసుకోరాదు. చంటిపిల్లలకు కడుపులోకి ఇవ్వనే కూడదు. ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోతే చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని చూడాలి.

గోధుమను దాచే పేర్లు

ఇంగువ ఒక్కటే కాదు. బొంబాయి రవ్వ అనే పేరు ఒక ఊరిని చెబుతుంది, ధాన్యాన్ని చెప్పదు. అది గోధుమ రవ్వ. మైదా గోధుమ నుంచి తీసినదే. సేమియా సాధారణంగా గోధుమతో చేసినదే. "మాకు గోధుమ పడదు, ఉప్మా పెట్టండి" అని అడిగే అతిథులను నేనే ఎరుగుదును. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసినది కనుక భయం లేదు.

మూత్రంలో మంట ఉన్నా, కాళ్ళు వాచినా మన ఇళ్ళలో బార్లీ నీళ్ళు ఇస్తాము. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి అవి పనికిరావు. పిల్లలు పాలలో కలుపుకుని తాగే పొడులలోని మాల్ట్ సాధారణంగా మొలకెత్తించిన బార్లీయే. గ్లూటెన్ ఉన్న ధాన్యాన్ని వాడితే ఆ సంగతిని పొట్లం మీద ప్రత్యేకంగా తెలపాలని 2020 నాటి లేబుల్ నిబంధనలు చెబుతున్నాయి. గ్లూటెన్ లేదని రాసుకోవాలంటే కిలో పదార్థంలో అది 20 మిల్లీగ్రాములకు మించరాదు.

పటికలేని పటికబెల్లం

పటికబెల్లంలో పటిక లేదు, బెల్లమూ లేదు. అది చిక్కని చక్కెర పాకం నుంచి కట్టిన స్ఫటికం. చూపునకు పటిక ముక్కలా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చినది.

తీపి పదార్థాల పేర్లకు దేశసంచారం ఎక్కువ. శర్కర అనే సంస్కృత పదానికి సన్నని గులకరాయి అనే అర్థం కూడా ఉన్నది. అది పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు చేరి ఇంగ్లీషులో షుగర్ అయినది. ముక్క అనే అర్థమున్న ఖండ శబ్దం అదే దారిన పోయి క్యాండీ అయినది. హిందీలో పటికబెల్లాన్ని మిస్రీ అంటారు, అనగా ఈజిప్టు దేశపుదని. చక్కెరను చీనీ అంటారు, అనగా చైనా దేశపుదని.

పేర్లు ఎన్ని ఉన్నా లోపలి పదార్థం ఒకటే, సుక్రోజ్ అనే చక్కెర. మా బావగారు మధుమేహం వచ్చిన నాటి నుంచి కాఫీలో పంచదార మాని పటికబెల్లం వేసుకునేవారు. "అది చలువ గదా!" అనేవారు. దగ్గుకు మిరియాల పొడితో చిన్న పలుకు చప్పరించడం వేరు, రోజూ రెండు పూటలా కాఫీలో కలుపుకోవడం వేరు. రక్తంలోని చక్కెర విషయంలో పంచదారకూ దీనికీ భేదం లేదు. తాటి కలకండలోనూ, బెల్లంలోనూ ఉన్నది ప్రధానంగా ఈ సుక్రోజే. డబ్బాల మీద గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్ట్రోజ్ అనే పేర్లు కనిపిస్తే అవీ చక్కెరలేనని గుర్తించాలి. పిల్లవాడి ప్రశ్న పుణ్యమా అని మా బావగారు ఇప్పుడు చప్పని కాఫీకి అలవాటు పడుతున్నారు.

బియ్యం కాని సగ్గుబియ్యం

ఈ పేరు మలయా భాషలోని సాగు అనే మాట నుంచి వచ్చినది. ఆగ్నేయాసియా దీవులలో సాగు అనే తాటిజాతి చెట్టు మానులోని గుజ్జు నుంచి పిండి తీసి పూసలు కడతారు. మన దగ్గరి సగ్గుబియ్యానికి ఆ చెట్టుతో సంబంధం లేదు. ఇది దక్షిణ అమెరికా నుంచి మన దేశానికి చేరిన కర్రపెండలం దుంపతో తయారవుతుంది. దుంపను కడిగి, తొక్క తీసి, రుబ్బి, పాలను వడగట్టి, అడుగున పేరిన పిండిని పూసలుగా కట్టి, వేడిచేసి ఆరబెడతారు. తమిళనాడులోని సేలం ప్రాంతం, మన రాష్ట్రంలో సామర్లకోట, పెద్దాపురం పరిసరాలు ఈ పరిశ్రమకు ప్రసిద్ధి. అంటే మా అక్కయ్యగారి ఊరి సరుకే దూరదేశపు చెట్టు పేరుతో ఆమె అలమరలో ఉన్నది.

సగ్గుబియ్యంలో గ్లూటెన్ లేదు. మా పిల్లవాడు నిర్భయంగా తినవచ్చు. జ్వరం నుంచి లేచినవారికి జావ సులువుగా జీర్ణమై శక్తినిస్తుంది. అయితే అది దాదాపు అంతా పిండిపదార్థమే. నూరు గ్రాములలో మాంసకృత్తులు ఒక గ్రాము కూడా ఉండవు. కనుక బలం వస్తుందని పసిపిల్లలకు, రోగులకు దినాల తరబడి కేవలం జావనే పోయడం పొరపాటు. పాలతోనో, ఉడికిన పెసరపప్పుతోనో కలిపి ఇవ్వాలి. మధుమేహం ఉన్నవారు మితం పాటించాలి.

సైంధవం తెచ్చిన చిక్కు

సైంధవమంటే సింధు దేశంలో పుట్టినదని అర్థం. ఆ దేశపు గుర్రాలకూ అదే పేరు. సైంధవం తెమ్మని యజమాని చెబితే, భోజనవేళ అయితే ఉప్పును, ప్రయాణవేళ అయితే గుర్రాన్ని తేవాలని, సందర్భమే మాటకు అర్థాన్ని నిర్ణయిస్తుందని మన శాస్త్రకారులు చెప్పే ఉదాహరణ ప్రసిద్ధమే. నేడు పాకిస్తాన్ పంజాబులో ఉన్న ఖేవ్‌రా ఉప్పు గని ఈ రకపు రాతి ఉప్పునకు పెట్టినది పేరు.

లవణాలలో సైంధవం శ్రేష్ఠమని ఆయుర్వేదం చెప్పినది. చూర్ణాలలో, అనుపానాలలో దానినే వాడాలి. ఇటీవల కొందరు గృహిణులు నిత్యవంటకు కూడా మామూలు ఉప్పు పూర్తిగా మాని సైంధవమే వాడుతున్నారు. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, సైంధవం కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. రక్తపోటు ఉన్నవారు దానిని యథేచ్ఛగా వాడకూడదు. ఏ ఉప్పయినా పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. రెండవది అయొడిన్. అయొడిన్ కలిపిన ఉప్పు మన చేతికి వచ్చేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయొడిన్ ఉండాలని నిబంధన. కలపని రాతి ఉప్పులో అది అవసరానికి చాలినంత ఉండదు. అయొడిన్ లోపిస్తే గళగండం వస్తుంది. గర్భిణికి లోపిస్తే గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. కనుక ఔషధానికి సైంధవం, నిత్యవంటకు అయొడిన్ ఉప్పు అనే విభజన క్షేమకరం. అయొడిన్ ఉప్పును గట్టి మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి.

వనస్పతి అంటే ఏమిటి?

చరకసంహిత మొక్కలను నాలుగు విధాలుగా విభజించినది. వాటిలో, పువ్వు కనిపించకుండానే కాయ కాసే మేడి వంటి చెట్లకు వనస్పతి అని పేరు. అంతటి పేరు 20వ శతాబ్దంలో ఒక కొవ్వు డబ్బా మీదికి ఎక్కినది. నూనెలోకి హైడ్రోజన్ వాయువును ఎక్కించి, నెయ్యిలాగా గడ్డకట్టించిన పదార్థమే వనస్పతి. 1937లో మన దేశంలో మొదలైన డాల్డా ఎంతగా ప్రచారంలోకి వచ్చినదంటే, ఏ కంపెనీ వనస్పతినైనా జనం డాల్డా అనే అనేవారు.

నూనెను ఇలా పాక్షికంగా గడ్డకట్టించినప్పుడు ట్రాన్స్ కొవ్వులు ఏర్పడతాయి. ఇవి చెడు కొలెస్టరాల్‌ను పెంచి, మంచి కొలెస్టరాల్‌ను తగ్గించి గుండెజబ్బులకు దారితీస్తాయి. నూనెలలో, కొవ్వులలో ఇవి నూటికి 2 వంతులకు మించరాదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన అమలులోకి వచ్చినది. బిస్కట్ల, పఫ్‌ల పొట్లాల మీద హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది ఈ జాతి కొవ్వేనని గ్రహించాలి. వనమూ చెట్టూ పేరులో ఉన్నంత మాత్రాన అది మూలిక కాజాలదు.

లేబుల్ చదివే పద్ధతి

పేరు ఒక వస్తువు ఏ దేశం నుంచి వచ్చినదో, ఏ రూపంలో ఉన్నదో చెబుతుంది. లోపల ఏమున్నదో చెప్పవలసినది లేబుల్. దానిని చదవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఈ కొన్ని సంగతులు తెలిస్తే చాలు.

మొదట, ముందువైపు బొమ్మలను, పెద్ద అక్షరాలను విడిచి వెనుకవైపు చూడండి. ఇంగ్రీడియెంట్స్ అనే మాట కింద దినుసుల పట్టిక ఉంటుంది. బరువులో ఎక్కువైనది మొదట, తక్కువైనది చివర అనే క్రమంలో వాటిని రాయాలి. ఇంగువ డబ్బా మీద జిగురు, పిండి ముందుండి ఇంగువ తరువాత ఉంటే, ఏది ఎక్కువో మీకే తెలుస్తుంది.

రెండవది, వీట్ అంటే గోధుమ, రైస్ అంటే బియ్యం, గమ్ అంటే జిగురు. కంటెయిన్స్ అనే మాట పక్కన సరిపడని పదార్థాల పేర్లు ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా పాలు, వేరుసెనగ, గోధుమ, సోయా పడకపోతే ముందుగా చూడవలసినది ఆ వాక్యాన్నే.

మూడవది, అంకెలను చూసి భయపడనక్కరలేదు, అలాగని ఉపేక్షించనూ కూడదు. ఐ.ఎన్.ఎస్. 330 అంటే నిమ్మపండులో ఉండే సిట్రిక్ ఆమ్లం. 500 అంకె సోడాకు చెందినది. 414 అంటే ఇంగువలో చెప్పుకున్న జిగురు. 211 నిలవ ఉండడానికి వేసే సోడియం బెంజోయేట్. 102 టార్ట్రాజిన్ అనే కృత్రిమమైన పసుపురంగు.

నాలుగవది, బెస్ట్ బిఫోర్ అనే తేదీ దాటితే రుచి, నాణ్యత తగ్గవచ్చునని అర్థం. యూజ్ బై అనే తేదీ దాటితే ఇక వాడనే కూడదని అర్థం.

చూర్ణాలకు దినుసులు కొనేటప్పుడు ఇంగ్లీషు పేర్లను నమ్ముకోవద్దు. పెప్పర్ అనే మాట మన పిప్పలి శబ్దం నుంచే పుట్టినది. కాని ఆ పేరు మిరియాలకు పోయినది. ఆపైన అమెరికా నుంచి వచ్చిన మిరపకాయలకూ అంటినది. మనమూ మిరియం పేరుతోనే మిరపకాయను పిలుచుకున్నాము. కనుక త్రికటు చూర్ణానికి పిప్పలి కావాలంటే లాంగ్ పెప్పర్ అని అడగాలి. ఉత్త పెప్పర్ అంటే మిరియాలే వస్తాయి.

చివరగా ఒక ఇబ్బందిని చెప్పుకోవాలి. లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలునని చట్టం. తెలుగులో ఉండి తీరాలని లేదు. నలభై ఏళ్ళుగా ఆ వంటింటిని నడుపుతున్న మా అక్కయ్య తెలుగులో ఎంత చదువరి అయినా, గోధుమపిండి అన్న మాట ఆ డబ్బా మీద ఆమెకు కనిపించకపోవడానికి కారణం అదే. మూడవ తరగతి పిల్లవాడు దానిని సెలవుల కాలక్షేపంగా చదివాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో నెల సరుకులు రాగానే మనుమడు ఒక్కొక్క పొట్లాన్నీ పైకి చదువుతాడు, అమ్మమ్మ వింటుంది. వాడు సెలవులకు రానప్పుడు ఆమె ఫోనులో పొట్లం వెనుకవైపు ఫోటో తీసి పంపుతుంది. మీ ఇంట్లోనూ ఇటువంటి ప్రశ్నలు వేసే పిల్లలుంటే విసుక్కోకండి. ఒక డబ్బా చేతికిచ్చి చదవమనండి.